ఇంగ్లీషు పద్యానికి తెలుగు చెవి

ఇంగ్లీషు పద్యం ఛందస్సు అనగానే చాలామంది అభ్యాసకులు ఆ ప్రశ్నను వదిలివేస్తారు, లేదా గైడులోని జవాబును బట్టీ పడతారు. ఈ రెండూ అనవసరమని నా అభిప్రాయం. గురులఘువులు తెలిసిన మీరు సగం దారి నడిచినట్లే. మిగిలిన సగం చెవితో నడవాలి.

ముందుగా ఒక భేదం గమనించండి. తెలుగులో అక్షరాన్ని పలకడానికి పట్టే కాలం ముఖ్యం. ఇంగ్లీషులో అక్షరం మీద పడే ఊనిక ముఖ్యం. 'సిటీ' అనే మాట చూడండి. తెలుగు లెక్కలో 'సి' లఘువు, 'టీ' గురువు. ఇంగ్లీషు ఉచ్చారణలో మాత్రం ఊనిక మొదటి అక్షరం మీదే పడుతుంది. కాబట్టి కంటితో చూసి గుర్తులు పెడితే లెక్క తప్పుతుంది.

ఊనిక మనకు కొత్త కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. వీరిలో చేపలవేట మీద బతికే కుటుంబాలున్నాయి. వల లాగేవారు 'హైలెస్సా' అంటూ అందరూ ఒక్కచోటే బలం వేస్తారు. ఇంగ్లీషు పాదంలోనూ అలా బలం పడే చోట్లనే లెక్కించాలి.

వర్డ్స్‌వర్త్ 1807లో ప్రచురించిన 'డాఫొడిల్స్' పద్యాన్ని తీసుకోండి. 1815లో సవరించిన రూపంలో నాలుగు చరణాలు, చరణానికి ఆరు పాదాలు. పాదంలో సాధారణంగా ఎనిమిది అక్షరాలు. తేలిక, బరువు జతలు నాలుగు. మన ప్రాస పాదంలో రెండవ అక్షరం. ఇక్కడ ప్రాస పాదం చివర. ఒకటి మూడుతో, రెండు నాలుగుతో, ఐదు ఆరుతో కలుస్తాయి.

ఇంతవరకు గైడు కూడా చెబుతుంది. విశ్లేషణ ఇక్కడినుంచే మొదలవుతుంది. మొదటి చరణంలో ఐదు పాదాలు తేలిక అక్షరంతో ప్రారంభమవుతాయి. పూలు గాలికి రెపరెపలాడే ఆరవ పాదం ఊనికతో ప్రారంభమవుతుంది. పూలతోపాటు పద్యం నడక కూడా కదిలింది. ఇది గమనించనివారు అంకెలు మాత్రమే రాస్తారు.

మీరూ ప్రయత్నించండి. పద్యాన్ని మూడుసార్లు పైకి చదవండి. ఊనిక పడినచోట బల్లమీద వేలితో తట్టండి. అనుమానం వస్తే నిఘంటువు చూడండి. చాలా నిఘంటువుల్లో ఊనిక గల అక్షరానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. తట్టు ఎక్కడ మారిందో గుర్తించి, ఎందుకు మారిందో మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. బట్టీ పట్టిన పుటకన్నా ఆ వాక్యానికే విలువ ఎక్కువ.