పీజ్ ఊరి టీవీ

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో పీజ్ అని ఒక పల్లె. మన హైదరాబాద్‌కే ఇంకా దూరదర్శన్ కేంద్రం లేని రోజుల్లో, 1975లో, ఆ ఊళ్లో ఒక టీవీ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. దాని శక్తి ఒక్క కిలోవాట్. చుట్టుపక్కల పల్లెలు దాటితే బొమ్మ అందదు. కార్యక్రమాలు తీసి పంపేది అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం. యశ్‌పాల్ అప్పట్లో దానికి డైరెక్టర్. రాకెట్ల సంస్థకు పల్లెటూరి టీవీతో పనేమిటని ఇవాళ మనకు అనిపించవచ్చు గానీ, టీవీ ముందు పల్లెకు చేరాలన్నది విక్రమ్ సారాభాయ్ కాలం నుంచీ వాళ్ల పట్టుదల.

అదే ఏడాది ఆగస్టులో ‘సైట్’ ప్రయోగం కూడా మొదలైంది. అమెరికా నుంచి ఒక ఏడాదికి ఎరువు తెచ్చుకున్న ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాద్ జిల్లాల పల్లెలూ అందులో ఉన్నాయి. 1976 జులై ఆఖరుతో గడువు తీరింది, ఉపగ్రహాన్ని దాని సొంతదారులు తీసుకుపోయారు. పీజ్ ట్రాన్స్‌మిటర్ మాత్రం నేల మీద ఉన్నది, మనది. అందుకే నిలిచింది.

ఖేడా అంటే అమూల్ పుట్టిన జిల్లా. సుమారు 400 గ్రామాల్లో 600కు పైగా సామూహిక టీవీ సెట్లు పెట్టారు. చాలాచోట్ల అవి పాల సంఘం భవనాల్లోనే ఉండేవి. సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్లే కూర్చుని చూసేవారు. ప్రకటనలు లేవు. వచ్చేది వాళ్ల గుజరాతీ, అందులోనూ వాళ్ల యాస. భార్యాభర్తల బతుకు మీద ‘హుం నే మారా ఎ’ అనే ధారావాహిక, పల్లెవాసుల ఫిర్యాదులు వినిపించే ‘దాద్ ఫరియాద్’, ఇంకా కూలి రేట్లు, అంటరానితనం, తాగుడు... ఊరి పెద్దలకు అంతగా రుచించని సంగతులే ఎక్కువ. తీసేవాళ్లు ముందుగా పల్లెలకు వెళ్లి జనాన్ని అడిగేవారు, ప్రసారమయ్యాక మళ్లీ వెళ్లి ఏమనుకున్నారో వినేవారు. పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో ప్రేక్షకుడు ఉండబట్టి ఇది సాగింది. ఒక ఊరి కాలువ పూడిపోతే రాష్ట్రమంతా చూసే చానల్‌కు అది వార్త కాదు. జిల్లా మాత్రమే చూసే టీవీలో అదే పతాక శీర్షిక. పైగా జవాబు చెప్పాల్సిన అధికారి కూడా ఆ జిల్లాలోనే ఉంటాడు, అడిగినవాళ్లకు అతను ఎదురుపడక తప్పదు.

పల్లె సమాచార ప్రసారానికి యునెస్కో ఇచ్చే బహుమతి ఈ చిన్న టీవీకి దక్కింది. ప్రపంచం మెచ్చుకుంటున్న ఆ కాలంలోనే ఢిల్లీ చూపు మరోవైపు మళ్లింది. 1982లో ఆసియా క్రీడలు, రంగుల టీవీ, జాతీయ కార్యక్రమం వచ్చాయి. 1984లో దేశమంతటా చిన్న ట్రాన్స్‌మిటర్లు వరసగా వెలిశాయి. అవన్నీ ఢిల్లీ చెప్పింది ఊరూరా వినిపించడానికే, ఊరు చెప్పేది వినడానికి కాదు. 1985లో పీజ్ కేంద్రాన్ని మూసి, ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసులో రెండో చానల్ కోసం తరలించాలని నిర్ణయించారు. ఒక మహానగరానికి రెండో టీవీ కావాలి గనక నాలుగు వందల పల్లెలు తమ ఒక్క టీవీని వదులుకోవాలన్నమాట! పల్లెలు నిరసనకు దిగాయి. పంట పోయిన ఏడు శిస్తు కట్టబోమని 1918లో గాంధీ, పటేల్‌ల వెంట నిలిచిన జిల్లా మరి. అయినా చివరకు ఆ టీవీ దక్కలేదు. దాన్ని వద్దనుకున్నది జనం కాదు, పెద్దదే గొప్పదనుకున్న పాలకులు.

మన దగ్గర ‘సైట్’ సెట్లు ఏడాది పాటు వెలిగిన నాటి మెదక్ జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర మాచునూరులో, 2008లో సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపేది దళిత మహిళలు. సాగు, విత్తనాలు, పండగలు, ఇంటి వైద్యం, అన్నీ వాళ్ల మాటల్లోనే. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని 2006లో కేంద్రం వీలు కల్పించబట్టే అది సాధ్యమైంది. టీవీకి ఆ భాగ్యం లేదు. మన పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్ల లోకల్ చానళ్లు ఉన్నాయి గానీ, వాటిలో బట్టల షాపుల ప్రకటనలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, పాత సినిమాలు పోగా ఊరి మాటకు మిగిలే సమయం కొద్దే. తప్పు వాళ్లదని కూడా అనలేం, వాళ్లకు అదే బతుకుతెరువు.

కెమెరా ఇప్పుడు ప్రతి జేబులోనూ ఉంది. కార్యక్రమం తీయడానికి పీజ్ రోజుల్లో అయిన ఖర్చులో ఇప్పుడు పిసరంత కూడా కాదు. రేడియోకు ఇచ్చిన అనుమతినే కమ్యూనిటీ టీవీకీ ఇచ్చి, జిల్లాకు ఒకటైనా ప్రకటనలతో పనిలేని చిన్న కేంద్రం నడిచేలా కేంద్ర ప్రభుత్వం నిధి కేటాయించాలి. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఖేడా అనుభవం ఇస్రో దగ్గరే ఉంది, తీసి చదువుకుంటే చాలు.