లుక్ ఆఫ్టర్ అంటే?

ఈ నెల మనము నేర్చుకొనే ఇంగ్లీషు మాట 'లుక్ ఆఫ్టర్'. 'లుక్' అంటే చూడు, 'ఆఫ్టర్' అంటే తర్వాత. రెండూ కలిపి 'తర్వాత చూడు' అని పిల్లలు అనుకొంటారు. అది కాదు. ఆలనా పాలనా చూచుకొనుట అని అర్థము. తెలుగులోనూ చూచుట వేరు, చూచుకొనుట వేరు గదా! 'లుక్ ఫర్' అంటే మాత్రం వెదకుట.

వాడుక గమనించండి. 'గ్రాండ్‌మదర్ లుక్స్ ఆఫ్టర్ ద చిల్డ్రన్' అంటే అవ్వ పిల్లలను చూచుకొంటుంది. జరిగిపోయిన దానికి 'లుక్డ్ ఆఫ్టర్' అనాలి. ఈ రెండు మాటలను విడదీయరాదు. 'లుక్ దెమ్ ఆఫ్టర్' తప్పు, 'లుక్ ఆఫ్టర్ దెమ్' ఒప్పు.

మన పాలమూరు, నల్లగొండ పల్లెలకు ఈ మాట కొత్త కాదు. 1955లో మొదలైన నాగార్జునసాగర్ కట్ట పనికి పాలమూరు కూలీలు ఎందరో పోయారు. తర్వాత బొంబాయి, పూణె దాకా వలస సాగింది. వెంట తీసుకుపోలేని పిల్లలను అవ్వా తాతల వద్ద విడిచారు. నేటికీ అలాంటి ఇండ్లున్నాయి.

అక్కడ పిల్లలను అవ్వ చూచుకొంటుంది. మరి అవ్వను ఎవరు చూచుకొంటారు? పిల్లలు తిన్నారా, బడికి పోయారా అని ఇరుగుపొరుగువారమైన మనమే అడగాలి. 'తర్వాత చూద్దాం' అని ఊరుకొంటే, ఈ యేడు బడి మానిన పిల్లవాడు వచ్చే యేడు తట్ట ఎత్తుతాడు.