అద్దెకిచ్చిన యోగ్యతాపత్రములు

మందుల అంగటి గోడమీద చట్రములో బిగించిన యోగ్యతాపత్రమొకటి వ్రేలాడుచుండును. అందలి పేరు ఒకరిది. బల్లవెనుక నిలిచి మాత్రలను కత్తిరించి యిచ్చు చేయి వేరొకరిది. పేరుగలవాడు దూరపట్టణమున మరియొక కొలువులో నుండును. నెల తిరుగుసరికి వాని పేరునకు అద్దె మాత్రము తప్పక ముట్టుచుండును. ఈ జాడ్యము ఏలూరు, తాడేపల్లిగూడెములకే అంటినది కాదు, దేశమంతటను గలదు. అంతమాత్రమున మన యూరి దోషము దోషము గాకపోదు.

చట్టము లేక యిట్లు జరుగుచున్నదా? 1948వ సంవత్సరపు ఫార్మసీ చట్టము 42వ సెక్షను, వైద్యుని చీటీపై మందు కలుపుటకును ఇచ్చుటకును రిజిస్టరు కాబడిన ఫార్మసిస్టునకే అధికారమొసగి, అన్యులు చేసినచో శిక్షార్హమనెను. 2015 నాటి నిబంధనలు ఫార్మసిస్టు తెల్లకోటు ధరించి, తన పేరును రిజిస్టరు సంఖ్యను తెలుపు బిళ్ల పెట్టుకొనవలెనని విధించినవి. 2022 నవంబరులో ముఖేష్ కుమార్ దావాయందు సుప్రీము కోర్టు, దొంగ ఫార్మసిస్టులను ఉపేక్షించి ప్రజల ప్రాణములతో ఆడుకొనుటకు వీలులేదని బీహారు ప్రభుత్వమును, అచటి ఫార్మసీ కౌన్సిలును మందలించినది. శాసనము కలదు, తీర్పు కలదు. బల్లవెనుక మనుష్యుడే లేడు.

"చీటీ చదివి డబ్బా తీసి యిచ్చుటకు ఇంత చదువేల?" యని కొందరందురు. వారికొక్క మందును చూపుదుము. మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో వెలువడినది మెథోట్రెక్సేటు. కీళ్లవాతమునకు దీనిని వారమునకొక్కమారు మాత్రమే పుచ్చుకొనవలెను. ప్రతిదినము మ్రింగినచో ఎముకలలోని మూలుగ దెబ్బతిని, రక్తము క్షీణించి, ప్రాణమే పోవచ్చును. "వారమునకొక్కటి, అవ్వా, దినమునకొక్కటి కాదు" అని చెప్పి పంపు ఆ యొక్క వాక్యమునకే రెండేండ్ల డిప్లొమా చదువు, ఆ మీదట 500 గంటల ఆచరణాభ్యాసము. సుబ్బారావుగారు కన్నుమూసినదియు, ఫార్మసీ చట్టము వచ్చినదియు 1948లోనే. ఆంధ్రుడు లోకమునకిచ్చిన మందును ఆంధ్రదేశపు అంగటిలో సరిగా అందించువాడు లేకుండుట మనకు సిగ్గు కాదా?

కొల్లేటి లంకలవైపు చూడుడు. జ్వరము వచ్చిన కూలివాడు కైకలూరికో ఆకివీటికో పోయి, డాక్టరు రుసుము నిచ్చుకొనలేక తిన్నగా మందుల అంగటి మెట్లెక్కును. రెండు యాంటీబయాటిక్ మాత్రలు కొని, ఒళ్లు చల్లబడగనే మానివేయును. ఇట్టి మందులు కొన్నిటిని 2014 మార్చి నుండి హెచ్-1 షెడ్యూలున చేర్చి, ప్రతి విక్రయమును ప్రత్యేకపు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెనని నియమించిరి. ఆ పుస్తకమును ఎవరు వ్రాయుచున్నారు? మన చెరువుల రొయ్యలో మందు శేషము కనబడినచో విదేశపు రేవులవారు సరకును త్రిప్పి పంపుదురు. రొయ్యకున్న పరీక్ష చెరువుగట్టు కూలివానికి లేదు!

"చిన్న వ్యాపారము, జీతమీయజాల"మని యజమానులు వాదింతురు. డ్రైవరు లైసెన్సును అద్దెకు తెచ్చి బస్సు అద్దమునకు అంటించి, క్లీనరుచేత నడిపించినచో ఆ బస్సును మనమెక్కుదుమా? బల్లకడ పనిచేయు కుఱ్ఱవానిపై మాకు కోపము లేదు. పది పన్నెండు గంటలు నిలిచి కష్టపడువాడతడే. అతనిని చదివింపుడు, పరీక్షకు పంపుడు.

మా ముఖ్యమైన మాట పట్టా పొందిన యువకులతో. జీతములు తక్కువయని మీరు వాపోవుచున్నారు. నిజమే. కాని మీ పేరు చౌకగా దొరకుచుండగా, మీ మనిషికి నిండు జీతమెవ్వరిత్తురు? నిలువనివాడు పుచ్చుకొను అద్దెయే నిలుచువాని కూడు తీయుచున్నది. ఈ వృత్తికి గౌరవమును పోగొట్టుచున్నది పరులు కారు, మీలో అద్దెకిచ్చినవారే. గోడమీది పత్రమును దింపి తెచ్చుకొనుడు. లేదా దాని క్రింద మీరే నిలువుడు.

అధికారులు ముందుగా కబురంపక సాయంకాలము రద్దీవేళ వచ్చి చూడవలెను. పఠనమందిరములందు ఈ పంక్తులు చదువు పెద్దలు రేపటినుండి మందు కొనునపుడు ఒక్క ప్రశ్న వేయవలెను: "అయ్యా, ఈ గోడమీది పేరు తమదేనా?" వేయిమంది అడిగిననాడు ఏ అంగడివాడును ఊరకుండజాలడు.