వేషం కట్టకముందే తీర్పా?



పోయిన వారం మన గ్రూపులో ఒక్క రాత్రిలో 140 మెసేజ్‌లు వచ్చాయి. ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమో, రక్తం కావాలేమో అని భయపడి కళ్ళద్దాలు వెతుక్కుని చూశాము. సంగతి ఏమంటే, అమెరికాలో కొత్తగా తీయబోయే బ్యాట్‌మ్యాన్ సినిమాలో ఆ వేషం ఎవరికి ఇవ్వాలి అన్నది! ఒకరు చెప్పిన నటుడు పొట్టి అని ఇంకొకరు, ఇంకొకరు చెప్పినవాడికి దవడ లేదని వేరొకరు. అంతవరకు సరే, పిల్లల కాలక్షేపం. నడిరేయి దాటాక "ఆ మొహం చూడు, ఆ రంగు చూడు, వాడు సూపర్‌హీరోనా" అన్నదాకా పోయింది. అక్కడ మాకు మనసు చివుక్కుమంది. అందుకే ఇది రాస్తున్నాము.

ఈ తీర్పులు ఇప్పటివి కావు. 1989 బ్యాట్‌మ్యాన్‌కు మైకేల్ కీటన్‌ను తీసుకున్నారని తెలిసిన రోజున, నవ్వించేవాడికి ఈ వేషమేమిటని అభిమానులు కంపెనీకి ఉత్తరాలు గుమ్మరించారు. 50,000 దాకా వెళ్ళాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా వచ్చింది, బ్రహ్మాండంగా ఆడింది. 2023లో 'ద ఫ్లాష్' తీసినప్పుడు అదే కీటన్‌ను మళ్ళీ పిలిచి అదే వేషం వేయించారు. హీత్ లెడ్జర్ జోకర్ అన్నప్పుడూ అదే గోల. 2008లో సినిమా వచ్చేనాటికి పాపం ఆయన లేడు. మరుసటి ఏడు ఆస్కార్‌ను ఆయన ఇంటివాళ్ళు అందుకున్నారు. కామిక్ పుస్తకంలో వుల్వరిన్ అయిదడుగుల చిల్లర మనిషి. 2000లో ఆ వేషం వేసిన హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటినవాడు. ఇప్పుడు వుల్వరిన్ అంటే ఆయన తప్ప ఇంకెవరైనా గుర్తొస్తారా?

అమెరికా దాకా ఎందుకు? మన వడపళనిలోనే జరిగింది. 'మాయాబజార్'లో కృష్ణుడి వేషానికి ఎన్.టి.రామారావు మొదట ఒప్పుకోలేదు. అంతకు ముందు ఒక సినిమాలో కాసేపు కృష్ణుడుగా కనిపిస్తే జనానికి నచ్చలేదు, ఆ భయం. దర్శకుడు కె.వి.రెడ్డి పట్టు విడవలేదు. కిరీటం దగ్గర నుంచి నడక దాకా శ్రద్ధ పెట్టి చేయించారు. 1957లో తెలుగులోనూ తమిళంలోనూ సినిమా వచ్చింది. ఆ తర్వాత మన ఇళ్ళలో కృష్ణుడి మొహం ఏదో చెప్పాల్సిన పని లేదు.

తమిళంలో చదువుకున్న మావంటివాళ్ళకు ఆ కృష్ణుడు 'కర్ణన్'లో దొరికాడు. 1964 సినిమా. శివాజీ గణేశన్ కర్ణుడు, రామారావు కృష్ణుడు, గొంతు మాత్రం వేరొకరిది. 2012లో కొత్త ప్రింటు వేస్తే మద్రాసులో మళ్ళీ జనం విరగబడి చూశారు. హాల్లో మా పక్కన కూర్చున్న తమిళ పెద్దాయన రామారావు రాగానే చేతులు జోడించాడు. ఈయన ఏ ఊరివాడు, ఏ భాషవాడు అని అడగలేదు. ఘటోత్కచుడుగా ఎస్.వి.రంగారావునూ అట్లాగే ఒప్పుకున్నారు. వేషం నిలబడితే చాలు అన్నారు.

"టికెట్టు కొనేది మేము, మాట్లాడే హక్కు లేదా?" అని తమ్ముళ్ళు అడగవచ్చు. ఉంది. సినిమా చూసి, బాగా చేయలేదని నలుగురిలో చెప్పండి, మేమూ గొంతు కలుపుతాము. చూడకముందు మొహం మీద, రంగు మీద, పుట్టిన చోటు మీద చెప్పేది విమర్శ కాదు. దాని రుచి ఏమిటో మనకు తెలుసు. బడిలో మనల్ని "గొల్టి" అన్నారు. ఆంధ్రాకు పోయి ఒక సభలో రెండు మాటలు మాట్లాడితే, మేము ఏం చెబుతున్నామో వినకముందే యాసకు నవ్వారు. అక్కడ తెలుగువాళ్ళం, ఇక్కడ అరవవాళ్ళం. నోరు తెరవకముందే తీర్పు పడ్డవాళ్ళం మనం. మనమే ఆ పని చేయవచ్చా?

పిల్లల్ని మాత్రమే అంటే పాపం తగులుతుంది. రెండేళ్ళ కింద ఉగాదికి మన సంఘంలో కృష్ణరాయబారం వేశాము. పదో తరగతి చదివే ఒక అబ్బాయి పద్యాలన్నీ తమిళ అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టి వచ్చాడు. గొంతు గుడిగంట. కమిటీలో పెద్దలు "రంగు తక్కువ, యాసలో అరవం కొడుతోంది" అన్నారు. కృష్ణుడు అన్న పేరుకు అర్థమే నలుపు! వేషం ఇంకొకరికి పోయింది. ఆయన కాగితం చూసి చదివాడు. ఆ కమిటీలో మేమూ ఉన్నాము, నోరు మెదపలేదు. ఆ అబ్బాయి ఆ తర్వాత మన గడప తొక్కలేదు. తెలుగు మిగలాలని నెల నెలా చందా వసూలు చేసే సంఘం, తెలుగు పద్యం నేర్చుకుని వచ్చిన బిడ్డను వాకిట్లో నుంచి పంపించింది.

కాబట్టి మా మాట ఇది. వచ్చే ఉగాది నాటకానికి వేషం అడిగిన ప్రతి బిడ్డ పద్యమూ వినాలి. వినేటప్పుడు మధ్యలో తెర కట్టండి, పేరు చెప్పకండి. నీలం రంగు అంగట్లో దొరుకుతుంది, పద్యం దొరకదు. ఆ అబ్బాయి ఇంటికి ఈ ఆదివారం మేము పోతున్నాము, క్షమించమని అడగడానికి. కమిటీలో ఉన్నవాళ్ళు ఎవరైనా కూడా వస్తే సంతోషం.

ఇక బ్యాట్‌మ్యాన్ ఎవరైతే ఏమి, సినిమా వచ్చినాక అందరం కలిసి చూసి అప్పుడు తిట్టుకుందాం. కోపం వచ్చినవాళ్ళు ఫోను చేయండి, మెసేజ్ వద్దు.