మునిగిన ఓడకు మోకులా?

ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ నుంచి తెల్లవారకముందే డైవింగ్ పడవలు ఎర్రసముద్రంలోకి బయలుదేరతాయి. 30 మీటర్ల లోతున పడివున్న ‘థిసిల్‌గార్మ్’ అనే బ్రిటిష్ సరుకుల ఓడను చూసి సాయంత్రానికి తిరిగి రావాలని వాటి తొందర. 1941 అక్టోబరు 6న జర్మన్ బాంబులకు మునిగిన ఆ ఓడలో సైన్యానికి పంపిన మోటారు సైకిళ్లు, లారీలు నేటికీ కనిపిస్తాయి. తొమ్మిది మంది ప్రాణాలు పోయిన చోటు అది. అక్కడ ఓడ ఇనుముకే మోకులు కట్టి పడవలను నిలపడం ముమ్మాటికీ అన్యాయం. తుప్పు పట్టిన రేకు అలల లాగుడుకు ఎన్నాళ్లు ఆగుతుంది? పైగా ఆ లోతులో సిలిండరులోని గాలి నీటిపైన కంటే నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. తగిన శిక్షణ లేనివారిని గుంపుతో పాటు దించేయకూడదు. ఓడకు ఎడంగా లంగరు బోయాలు వేయించి, రోజుకు ఇన్ని పడవలేనని ఈజిప్టు ప్రభుత్వం కచ్చితంగా హద్దు పెట్టాలి.