ఇమ్యూనిటీ పెరిగితే చాలా?

పోయిన నెల మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. తిప్పతీగ, పసుపు, అల్లం కషాయం తాగితే ఇమ్యూనిటీ పెరిగి కడుపు క్యాన్సర్ దానంతటదే కరిగిపోతుందట. పంపింది హిందూపురంలో ఉండే మా మేనత్త. ఆమెను తప్పుపట్టలేను. ధర్మవరంలో ఆమె తమ్ముడికి, అంటే మా చిన్నాయనకి, అప్పటికే కీమో మొదలైంది.

చిన్నాయన పట్టుచీరలు నేస్తాడు. ఏడాదిగా కడుపులో మంట, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండేది. అడిగితే "ఏంలేదురా, గ్యాసు. బిళ్ళ ఏసుకుంటే పోతాది" అనేవాడు. బాగా చిక్కిపోయాక బెంగళూరు తీసుకెళ్తే ఎండోస్కోపీలో బయటపడింది. వాళ్ళు ధర్మవరంలో రైలెక్కితే నేను పెనుకొండలో ఎక్కేవాణ్ణి. బెంగళూరు చేరేదాకా రిపోర్టులే చదివేవాణ్ణి. ఈసీఈ వాడికి ఇదంతా ఎందుకంటారా? ఇంట్లో ఇంగ్లీషు రిపోర్టు చదవగలిగేది నేనొక్కణ్ణే మరి.

ఇమ్యూనిటీని మనం ఫోన్ బ్యాటరీలా చూస్తాం. ఎంత ఎక్కువుంటే అంత మంచిదని. కడుపు క్యాన్సర్ విషయంలో ఆ లెక్క మొదటి మెట్టులోనే తప్పుతుంది.

దీనికి పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇది సాధారణంగా చిన్నప్పుడే కడుపులో చేరుతుంది. చాలామందికి ఏమీ కాదు కూడా. కానీ రక్షణ కణాలు దాన్ని తరిమేయలేక, అలాగని వదిలేయలేక, ఏళ్ళ తరబడి పోరాడుతూనే ఉంటాయి. అవి వదిలే రసాయనాలకు కడుపు లోపలి పొర దెబ్బతినడం, మళ్ళీ పెరగడం, మళ్ళీ దెబ్బతినడం. అలా పెరిగే కణాల్లో ఎక్కడో ఒకచోట డీఎన్ఏ తప్పుతుంది. అంటే ఇక్కడ ఇమ్యూనిటీ తక్కువై కాదు, ఆగకుండా పనిచేసి చిక్కు తెచ్చింది.

గడ్డ పుట్టాక కథ ఇంకా విచిత్రం. గడ్డంటే క్యాన్సర్ కణాల ముద్ద ఒక్కటే కాదు, దాన్నిండా మన రక్షణ కణాలూ ఉంటాయి. చెత్తను మింగాల్సిన మాక్రోఫేజులు అక్కడి సంకేతాలకు లొంగి, గడ్డకు కొత్త రక్తనాళాలు పెరిగేలా సాయం చేస్తాయి. గొడవ సద్దుమణిగించే రెగ్యులేటరీ టీ కణాలు, క్యాన్సర్‌ను చంపడానికొచ్చిన టీ కణాలనే అణిచేస్తాయి. చిన్నాయన రిపోర్టులో పీడీ-ఎల్1 స్కోరు అని ఒక లైనుంది. పీడీ-ఎల్1 టీ కణానికి బ్రేకు వేసే ప్రోటీన్. ఆ స్కోరు లెక్కలో క్యాన్సర్ కణాలతో పాటు, ఆ ప్రోటీన్ ఉన్న మన మాక్రోఫేజులు, లింఫోసైట్లను కూడా కలుపుతారని తెలిసి నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను. బ్రేకు తొక్కేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు!

ఆ బ్రేకు తీసే మందులున్నాయి. ఈ దారి చూపినందుకే 2018లో జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు నోబెల్ వచ్చింది. నివోలుమాబ్ అనే మందును ముదిరిన కడుపు క్యాన్సర్‌కు కీమోతో కలిపి వాడటానికి 2021లో అమెరికా అనుమతించింది. అందరికీ పనిచేయదు, ఖరీదు చెప్పనక్కర్లేదు. పైగా బ్రేకు తీస్తే టీ కణాలు మన పేగుల మీద, థైరాయిడ్ మీద కూడా పడొచ్చు. నిజంగా 'ఇమ్యూనిటీ పెంచడం' అంటే ఇంత ప్రమాదకరమైన పని. గ్లాసు కషాయంతో అయ్యేది కాదు.

ఇదంతా అత్తకు ఫోన్లో చెప్పాను. సగం వినిందో లేదో, "అయితే కషాయం ఇయ్యొద్దంటావా?" అంది. తిప్పతీగతో కొందరికి లివర్ దెబ్బతిన్నట్టు మన దేశంలోనే డాక్టర్లు రాశారత్తా, కీమో నడిచేటప్పుడు ఆయన డాక్టర్నడక్కుండా ఏదీ ఇయ్యొద్దన్నాను. తర్వాత నేనే అడిగాను, మామకు కూడా పొద్దున్నే గ్యాసు బిళ్ళ వేసుకునే అలవాటుంది కదా, ఎన్నాళ్ళ నుంచని. అవతల కాసేపు మాట లేదు.

"రెండేళ్ళవుతాందిరా" అంది.

వచ్చే శనివారం మామకు ఎండోస్కోపీ. హిందూపురంలో నేనూ వాళ్ళతో రైలెక్కుతున్నా.