బంగారు బల్లికి చుట్టం

మొన్న వేసవి సెలవుల్లో పుత్తూరు నుంచి మా కుటుంబమంతా శ్రీలంకకు పోయివచ్చాం. ఉడవలవె అడవిలో ఏనుగుల మందను చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. నా మనసు మాత్రం ఆగ్నేయాన ఒక రాతిగుహ దగ్గరే నిలిచిపోయింది. నీడలో బండను కరుచుకొని ఒక బల్లి. గొంతు కింద పసుపు పూసినట్టుంది. పక్కనే రాతికి అతికించినట్టు తెల్లటి గుడ్లు, గుంపుగా. "నాయనా, ఇది మన తిరుమల బంగారు బల్లే గదా!" అంది మా పాప.

దాదాపు నిజమే. కాలోడాక్టిలోడిస్ అనే ఈ ప్రజాతిలో ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన శేషాచలంతో సహా తూర్పు కనుమలది, రెండోది శ్రీలంకది. మనదాన్ని బెడ్డోమ్ 1870లో, వాళ్లదాన్ని డెరణియగల 1953లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. నడుమ సముద్రమున్నా చుట్టరికం తెగలేదు. అంతదూరం పోయి ఇంటి మనిషిని చూసినట్టు నాకు కళ్లు చెమర్చాయి.

ఈ సంచికను అడవి జీవులకే కేటాయించాం. కైలాసకోనకో తలకోనకో పోయినప్పుడు రాతి సందుల్లో అలాంటి గుడ్లు కనబడితే చేయి పెట్టకండి. పిల్లలకు దూరం నుంచే చూపించండి.